ప్రేమకథలో దేవుడికేం పని? మధ్యయుగపు నవలలు నన్నెందుకు వదలవంటే

అడిగిన ప్రశ్న ఇదీ: చర్చిలు, మఠాలు, పాపం, ప్రాయశ్చిత్తం నిండిపోయిన మధ్యయుగపు యూరప్ ప్రేమ నవలల్ని ఈ కాలంలో కూడా జనం అంత ఇష్టంగా ఎందుకు చదువుతారు? మతం వచ్చి కూర్చుంటే ప్రేమకథ నీరసపడిపోదా?

నా అనుభవంలో ప్రేమకథకి బలం వచ్చేదే అక్కడ. మామూలు ప్రేమ నవలలో ఇద్దరికీ అడ్డుపడేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. తండ్రి పంతం, ఆస్తి తగాదా, కులం, మధ్యలో దూరిన బంధువు. వాళ్లని ఒప్పించొచ్చు, ఎదిరించొచ్చు, లేదంటే రాత్రికి రాత్రే ఊరు దాటేయొచ్చు. చివరి పేజీలో అడ్డు తొలగిపోతుంది, కథ అయిపోతుంది. మధ్యయుగపు నవలల్లో బాగా రాసినవాటిలో ఆ అమ్మాయి తనే దేవుణ్ణి నమ్ముతుంది. చేసింది తప్పని తనకే తెలుసు, అయినా ఆ మనిషిని వదులుకోలేదు. ఊరు దాటినా ఆ నమ్మకం వెంటే వస్తుంది. పెళ్లయిపోయినా వదలదు. పిల్లలు పుట్టాక ఇంకా ఎక్కువవుతుంది. నేను మళ్లీ మళ్లీ ఈ నవలల దగ్గరికి వెళ్లేది అందుకే.

ఎన్నో పేర్లు చెప్పడం కంటే, నేను బాగా ఎరిగిన ఒక నవల గురించి చెబుతాను. నార్వే రచయిత్రి సిగ్రిడ్ ఉండ్సెట్ రాసిన 'క్రిస్టిన్ లావ్రాన్స్‌దాటర్'. 1920, 1921, 1922లో మూడు భాగాలుగా వచ్చింది. 1928లో ఆమెకి నోబెల్ వచ్చింది, ముఖ్యంగా మధ్యయుగపు జీవితాన్ని చిత్రించినందుకే. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే రోజుల్లో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో దొరికింది. మూడు భాగాలూ ఒకే బైండులో, దిండంత లావుగా ఉంది. కవర్ మీద 'మధ్యయుగం' అని చూసి కత్తులు, గుర్రాలు ఉంటాయనుకుని కొన్నాను. అవీ ఉన్నాయి. కానీ నన్ను రాత్రులు నిద్రపోనివ్వకుండా చేసింది ఒక కిరీటం.

కథ 14వ శతాబ్దపు మొదటి సగంలో, నార్వేలోని గుడ్‌బ్రాండ్స్‌డాల్ అనే లోయలో మొదలవుతుంది. లావ్రాన్స్ అనే కలిగిన రైతు, మహా భక్తిపరుడు. ఆయన కూతురు క్రిస్టిన్. సీమన్ అనే మంచి కుర్రాడితో పెళ్లి కుదురుస్తారు. పెళ్లికి ముందు ఒక ఏడాది ఆమెని ఓస్లోలో మఠకన్యల దగ్గర ఉంచుతారు. అక్కడే ఎర్లెండ్ అనే అందగాడు పరిచయమవుతాడు. ఆయన అప్పటికే ఇంకొకరి భార్యతో కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని కని, చర్చి చేత వెలివేయబడి ఉన్నాడు. అన్నీ తెలిసే క్రిస్టిన్ ఆయన్ని ప్రేమిస్తుంది. కుదిరిన సంబంధం తప్పిపోతుంది. ఎర్లెండ్ అంతకుముందు కాపురం చేసిన ఆవిడ చనిపోతుంది, ఆ చావులో వీళ్లిద్దరి చేయీ ఉంటుంది. చివరికి తండ్రి మెత్తబడి పెళ్లికి ఒప్పుకుంటాడు. ఆ పెళ్లిలో క్రిస్టిన్ జుట్టు విరబోసుకుని, కన్యలు మాత్రమే పెట్టుకోవాల్సిన బంగారు కిరీటం పెట్టుకుని నిలబడుతుంది. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. ఆ సంగతి ఆ హాల్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఎర్లెండ్‌కి కూడా చెప్పలేదు. ఆ పెళ్లి జరిగినంతసేపూ పాటలు, విందు, కొవ్వొత్తులు, చుట్టాలు. రచయిత్రి ఏ ఒక్క వాక్యంలోనూ ఆమెని తిట్టదు, మనకి నీతులు చెప్పదు. తల మీద ఆ కిరీటం బరువు మాత్రం మనకి తెలుస్తూనే ఉంటుంది.

అప్పట్లో మా అమ్మమ్మ మా ఇంట్లోనే ఉండేది. కంటి చూపు తగ్గి చదవలేకపోయేది, నేను చదివిందంతా సాయంత్రాలు తెలుగులో చెప్పించుకునేది. ఈ పెళ్లి ఘట్టం చెప్పగానే, "అయితే ఆ పిల్ల కడుపుతో ఉండి కిరీటం పెట్టుకుందంటావ్. సరేలే. ఆ తండ్రికి తెలిసిందా లేదా, ముందు అది చెప్పు" అంది. ఆవిడకి ఎర్లెండ్ మీద ఆసక్తే లేదు. ఆవిడ చూపంతా తండ్రి మీదే. నిజానికి మొదటి భాగం ముగిసేదీ తండ్రి దగ్గరే. పెళ్లి రాత్రి లావ్రాన్స్‌కి విషయం అర్థమైపోతుంది. ఆ రాత్రే ఆయన భార్య, ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది బయటపెడుతుంది: నిన్ను చేసుకునేనాటికి నేనూ కన్యని కాను అని. కూతురి ప్రేమకథ అనుకుని చదువుతున్నది ఒక్కసారిగా తల్లిదండ్రుల కథ అయిపోతుంది. అమ్మమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడ చెప్పేసింది, చూడు. ఇంక ఆయన మోయాలి" అంది. ఎన్నో విమర్శలు చదివాను కానీ ఆ అధ్యాయం గురించి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి కథకి మతం ఎందుకు కావాలో అర్థం కావాలంటే అప్పటి పద్ధతులు కొంచెం తెలియాలి. 1215లో రోమ్‌లో చర్చి పెద్దలంతా కూడిన నాలుగో లాటరన్ మహాసభ ఒక నియమం పెట్టింది. మంచిచెడ్డలు తెలిసే వయసు వచ్చిన ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా తన ఊరి చర్చి గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలి, ఈస్టర్‌కి దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా భావించే రొట్టె, తీసుకోవాలి. అంటే రహస్యం దాచుకున్న మనిషికి ప్రతి ఏడాదీ ఒక గండం. చుట్టుపక్కల అందరూ వెళ్తారు, నువ్వు వెళ్లకపోతే ఊరంతా గమనిస్తుంది. వెళ్తే చెప్పాలి. ఒక నవలా రచయితకి ఇంతకంటే మంచి బిగింపు ఎక్కడ దొరుకుతుంది?

దీని గురించి మా ఆఫీసులో ఫిరంగిపురం వైపు నుంచి వచ్చిన ఒక క్యాథలిక్ కొలీగ్‌ని అడిగాను. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలంలో పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, లైన్లో నిలబడితే చిన్నప్పుడు గుండె ఎలా దడదడలాడేదో ఆవిడ చెప్పింది. పెద్ద పాపం ఒకటి కావాలని దాచిపెట్టి మిగతావన్నీ చెప్పినా ఆ సంకీర్తనం చెల్లదట, ఆ స్థితిలో సత్ప్రసాదం తీసుకుంటే అది ఇంకో పెద్ద పాపమట. నేను పుస్తకంలో చదివి తెలుసుకున్న నియమం ఆవిడకి బతుకులో భాగం. తెలుగు నేల మీద తరతరాలుగా ఈ విశ్వాసంలో ఉన్న కుటుంబాలకి ఈ నవలలు నాకంటే దగ్గరగా తగులుతాయని అప్పుడే అనిపించింది.

ఆ నియమం మీదే ఉండ్సెట్ ఇంకో పెద్ద నవల నిలబెట్టింది. 1925, 1927 మధ్య వచ్చిన ఓలావ్ ఔదున్స్‌సన్ కథ. ఓలావ్‌కీ ఇంగున్‌కీ చిన్నప్పుడే తండ్రులు పెళ్లి మాట అనుకుంటారు. పెద్దవాళ్లు చనిపోయాక ఆ మాట చెల్లుతుందా లేదా అన్నది తగువు. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే అదే పెళ్లి అని చర్చి, బంధువుల అనుమతి లేనిదే పెళ్లి ఎక్కడిది అని వంశం. ఈ లోపల ఓలావ్ దేశం విడిచి వెళ్లాల్సి వస్తుంది, ఇంగున్‌కి ఇంకొకడి వల్ల బిడ్డ పుడుతుంది. తిరిగొచ్చిన ఓలావ్ వాణ్ణి ఎవరూ లేని చోట చంపేస్తాడు. అప్పటి నార్వే చట్టంలో, మనిషిని చంపినవాడు వెంటనే బయటికొచ్చి చంపానని చెబితే పరిహారం కట్టి బయటపడొచ్చు. దాచిపెడితే మాత్రం అది నీచమైన హత్య. చెబితే, ఎందుకు చంపాడో కూడా చెప్పాలి, భార్య పరువు పోతుంది. చెప్పకపోతే తన ఆత్మ పోతుంది. ఆమె మీది ప్రేమతో మొదలైన మౌనం, ఆ ప్రేమనే ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తినేస్తుంది. గురువు ఎదురుగానే ఉంటాడు, తలుపు తెరిచే ఉంటుంది, అతను మాత్రం లోపలికి అడుగు పెట్టలేడు. ఇందులోంచి దేవుణ్ణి తీసేసి చూడండి, ఒక మామూలు హత్య, ఒక మామూలు రహస్యం మిగులుతాయి.

క్రిస్టిన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం రెండో భాగంలో ఉంది. బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్లూ, తన పాపానికి ఆ బిడ్డ ఏ అవకరంతో పుడుతుందోనని ఆమె భయంతో చచ్చిపోతుంటుంది. చాలా కష్టమైన కాన్పు. బిడ్డ ఆరోగ్యంగా, అందంగా పుడతాడు. శిక్ష పడుతుందనుకున్న చోట వరం దొరికింది, దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియదు. కాస్త కోలుకున్నాక ప్రాయశ్చిత్తంగా ఒంటరిగా, చెప్పులు లేకుండా, పిల్లవాణ్ణి వీపున కట్టుకుని నిదారోస్‌కి నడిచి వెళ్తుంది. ఇప్పటి ట్రోండ్‌హైమ్ నగరమే అది. 1030లో స్టిక్లెస్టాడ్ యుద్ధంలో చనిపోయిన ఓలావ్ రాజుని పునీతుడిగా కొలిచి, ఆయన సమాధి మీద కట్టిన కథెడ్రల్ అక్కడ ఉంది. కొండ మీద నుంచి ఆ గుడి గోపురం మొదటిసారి కనపడగానే ఆమె కూలబడి ఏడుస్తుంది. అంత గొప్ప అందం ముందు తనెంత మురికిదో అనిపించి ఏడుస్తుంది. ఆ పెళ్లినాటి బంగారు కిరీటాన్ని పునీతుడికి ఇచ్చేస్తుంది.

ఇది చెప్పినప్పుడు అమ్మమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మా అక్క తిరుపతి హుండీలో మంగళసూత్రాలు వేసి, పసుపుకొమ్ము కట్టుకుని వచ్చింది కదే" అంది. భర్త జబ్బు నయమైతే పుస్తెలు ఇచ్చుకుంటానని ఆవిడ మొక్కుకుందట. ఇద్దరి సంగతీ ఒకటి కాదు. ఒకావిడది కృతజ్ఞత, ఇంకొకావిడది ప్రాయశ్చిత్తం. కానీ పెళ్లిలో ఒంటి మీదికొచ్చిన బంగారాన్ని తీసి దేవుడి ముందు పెట్టేటప్పుడు ఆడమనిషి ఏమిస్తోందో మా అమ్మమ్మకి ఎవరూ వివరించనక్కర్లేదు. కాలినడకన కొండెక్కడం, మొక్కు తీర్చుకోవడం, ఉపవాసం, తప్పు ఒప్పుకుని లెంపలేసుకోవడం మనకి ఇంట్లో విషయాలు. అందుకే ఈ నవలలు తెలుగువాళ్లకి దూరం అవుతాయేమో అన్న మాట నేను ఒప్పుకోను. పేర్లు నోరు తిరగవు, అంతే.

ఇంకో మాట. ఈ నవలల్లో మతం అంటే భయం ఒక్కటే అయితే నేను చదివేదాన్ని కాదు. క్రిస్టిన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రి ఆమెని హామర్ పట్నానికి తీసుకెళ్తాడు. అక్కడ కథెడ్రల్‌లో ఎడ్విన్ అనే ముసలి సన్యాసి బొమ్మలు వేస్తుంటాడు. రంగు అద్దాల్లోంచి పడే వెలుగు చూపిస్తాడు, పిల్లని పరంజా మీదికి ఎక్కించుకుంటాడు. తను వేసిన బొమ్మలో డ్రాగన్ మరీ చిన్నదిగా ఉందని ఆ పిల్ల వంక పెడుతుంది. ఆ మనిషిని మింగేంత ఉన్నట్టు లేదే అంటుంది. అది అంతకంటే పెద్దది కాదు, మనలో భయం ఉన్నంతసేపే అలాంటివి పెద్దగా కనపడతాయి అంటాడాయన. ఆమె ఎన్ని తప్పులు చేసినా ఆయన ప్రేమ తగ్గదు. చివరి భాగంలో, 1349లో ప్లేగు నార్వేని తుడిచిపెట్టేస్తున్నప్పుడు, ముసలిదైపోయిన క్రిస్టిన్ ఎవరూ ముట్టుకోని ఒక బిచ్చగత్తె శవాన్ని మోయడానికి సిద్ధపడుతుంది. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ పరంజా మీది సంభాషణ దగ్గరే తెలిసింది. ఇంతకుమించి చెప్పను, ముగింపు మీరే చదవాలి.

ఉండ్సెట్ ఈ లోకాన్ని ఇంత దగ్గరగా ఎలా చూడగలిగిందంటే దానికి కారణాలున్నాయి. తండ్రి ఇంగ్వాల్డ్ ఉండ్సెట్ పురావస్తు శాస్త్రవేత్త. ఆమెకి 11 ఏళ్లప్పుడు ఆయన చనిపోయాడు. ఇల్లు గడవడానికి 16 ఏళ్లకే ఆఫీసులో సెక్రటరీగా చేరి పదేళ్లు చేసింది, రాత్రిళ్లు కూర్చుని రాసుకునేది. మొదట రాసిన మధ్యయుగపు నవలని ప్రచురణకర్త తిప్పి పంపాడు. క్రిస్టిన్ కథ రాసేటప్పటికి ఆమె ఇంకా క్యాథలిక్ కాదు, 1924లో చేరింది. క్యాథలిక్కుల నుంచి విడిపోయిన లూథరన్ శాఖ దేశమైన నార్వేలో అది చాలామందికి మింగుడుపడలేదు. పైగా ఆమె భర్తకి అంతకుముందే పెళ్లయి విడాకులైనందువల్ల, చర్చి లెక్కలో ఆమె పెళ్లి చెల్లలేదు. తను నమ్మినదానికి తనే మూల్యం కట్టిన మనిషి రాసిన పుస్తకాలివి, కాబట్టి ఎక్కడా తేలిగ్గా క్షమాపణ దొరకదు.

ఈ రకం కథలకి మూలాలు కూడా పాతవే. ఆర్థర్ రాజు కథల్ని థామస్ మాలరీ పోగుచేసి రాస్తే 1485లో కాక్స్‌టన్ అచ్చువేశాడు. అందులో ఆర్థర్ భార్య రాణి గ్వినివీర్, ఆయన యోధుడు లాన్సలాట్‌ల ప్రేమ వల్లే రాజ్యం కూలిపోతుంది. చివర్లో ఆమె ఏమ్స్‌బరీలో మఠకన్య అయిపోతుంది. వెతుక్కుంటూ వచ్చిన లాన్సలాట్ ఆఖరిసారిగా ఒక్క ముద్దు అడుగుతాడు. ఆమె ఇవ్వదు. ఆయన మీద ప్రేమ పోయి కాదు, పోలేదు కాబట్టే. ఇక నిజంగా బతికిన మనుషుల్లో 12వ శతాబ్దపు పారిస్ పండితుడు అబెలార్, ఆయన శిష్యురాలు ఎలోయీజ్ ఉన్నారు. మఠానికి పెద్ద అయ్యాక కూడా ఆమె ఆయనకి రాసిన ఉత్తరాల్లో, ప్రార్థన మధ్యలో కూడా మన పాత సుఖాలే గుర్తొస్తున్నాయని దాచకుండా ఒప్పుకుంటుంది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ ఉత్తరాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

మతం అడ్డుగోడగా నిలిచే నవలల్లో వాల్టర్ స్కాట్ 1819లో తెచ్చిన 'ఐవన్‌హో'ని కూడా మర్చిపోకూడదు. పేరుకి హీరో ఐవన్‌హో, కానీ నా మనసులో మిగిలింది రెబెకా. యూదు అమ్మాయి, వైద్యం తెలిసినది. టెంప్లర్లనే సన్యాసి యోధుల దళంలో చేరి బ్రహ్మచర్య వ్రతం పట్టిన ఒకడు ఆమె మీద పిచ్చితో ఎత్తుకుపోతాడు, ఆ తర్వాత ఆమె మీదే మంత్రగత్తె అని నింద పడుతుంది. మతం మార్చుకుంటే బతుకుతావంటే ఆమె మార్చుకోదు. ఆఖరికి తండ్రితో కలిసి ఇంగ్లండ్ వదిలి గ్రనడా వెళ్లిపోతుంది. ఆ కాలపు క్రైస్తవ రాజ్యాల్లో యూదుల్ని ఎలా చూశారో చెప్పకుండా మధ్యయుగాన్ని బంగారు యుగంలా పూత పూసే నవలల్ని నేను నమ్మను.

మార్కెట్లో అలాంటివి చాలా ఉన్నాయి. కొన్నింటిలో మనుషులంతా ఈ కాలం వాళ్లే, బట్టలు మాత్రం పాతవి. హీరోయిన్ మొదటి అధ్యాయంలోనే ప్రీస్ట్‌ని కడిగిపారేస్తుంది, ఆమెకి దేవుడంటే భయమూ లేదు, భక్తీ లేదు. ఇక పోగొట్టుకునేది ఏముంటుంది? సన్యాసి కనపడితే వాడు దుర్మార్గుడే అయి తీరాలి. ఇంకొన్ని దీనికి సరిగ్గా రివర్స్: మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేయగానే చిక్కులన్నీ విడిపోతాయి, తాగుబోతు హీరో తెల్లారేసరికి మారిపోతాడు. రెండు రకాలూ నాకు పడవు. నేను పుస్తకం కొనేముందు ఒకటే చూస్తాను: ఇందులో నమ్మే మనిషి, నమ్ముతూనే తప్పు చేస్తోందా లేదా అని.

మీరు మొదలుపెట్టాలనుకుంటే, ఇంగ్లిష్‌లో టీనా నన్నలీ చేసిన అనువాదమే తీసుకోండి. మూడు భాగాలూ 1997, 2000 మధ్య వచ్చాయి, తర్వాత ఒకే సంపుటంగా కూడా వేశారు. 1920లలో వచ్చిన పాత అనువాదం భాష మరీ గ్రాంథికంగా ఉంటుంది, పైగా అందులో కొన్ని భాగాలు ఎగిరిపోయాయి. మొదటి వంద పేజీల్లో పేర్లతో కొంచెం తికమక పడతారు. తండ్రి పేరుకి కొడుకైతే ఒక తోక, కూతురైతే ఇంకో తోక తగిలిస్తారని గుర్తుపెట్టుకుంటే సర్దుకుంటుంది. రెండో భాగంలో రాజకీయాలు ఎక్కువ, ఎర్లెండ్ రాజు మీద కుట్రలో ఇరుక్కునే దగ్గర నేను కూడా నెమ్మదిగా చదివాను, కానీ వదలొద్దు. సీమన్ అసలు ఎంతటి మనిషో తెలిసేది అక్కడే. అంత లావు పుస్తకం చూసి భయమేస్తే ఎల్లిస్ పీటర్స్ రాసిన బ్రదర్ క్యాడ్‌ఫెల్ నవలలతో మొదలుపెట్టండి. 12వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ మఠం, క్రూసేడ్లనే మత యుద్ధాల నుంచి తిరిగొచ్చి మూలికల తోట పెంచుకునే సన్యాసి, ఒక హత్య, చాలావాటిలో ఒక పడుచు జంట. తేలిగ్గా సాగిపోతాయి, భక్తినీ వెక్కిరించవు. ఓలావ్ కథని మాత్రం క్రిస్టిన్ అయ్యాకే పట్టుకోండి. అది చాలా బరువైనది, ఇంట్లో టెన్షన్లు ఉన్న రోజుల్లో అస్సలు మొదలుపెట్టొద్దు.